ఇల్లు ఒకటే, అందులో కుటుంబాలెన్ని? ఇంగ్లండ్‌లో అద్దె ఇళ్ల లైసెన్స్ సంగతి

"డబుల్ రూమ్ షేరింగ్‌కి ఒక అబ్బాయి కావాలి, బిల్లులన్నీ కలిపే, స్టేషన్‌కి ఐదు నిమిషాల నడక, తెలుగువాళ్లయితే మంచిది." సెప్టెంబర్, జనవరి నెలలొచ్చాయంటే యూకేకి చదువుకోడానికి వెళ్లే మన పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి మెసేజ్‌లు వరసగా పడుతుంటాయి. అద్దె ఎంతో ఉంటుంది, డిపాజిట్ ఎంతో ఉంటుంది, వైఫై ఉందో లేదో కూడా ఉంటుంది. ఆ ఇంటికి లైసెన్స్ ఉందా, ఉంటే ఎంతమందికి ఉంది అన్నది మాత్రం ఉండదు. అడిగేవాళ్లూ తక్కువే. లైసెన్స్ బండికి గానీ ఇంటికేంటి అనిపిస్తుంది, అమీర్‌పేటలో ఒక గదిలో నలుగురు సర్దుకుని కోచింగ్ పూర్తి చేసుకుని వచ్చినవాళ్లకి మరీనూ.

ఇంగ్లండ్‌లో ఈ వ్యవహారమంతా 2004 నాటి హౌసింగ్ యాక్ట్ చుట్టూ తిరుగుతుంది. ఒకే ఇంట్లో కనీసం ముగ్గురు, ఒకే కుటుంబానికి చెందనివాళ్లు, వంటగదో బాత్రూమో కలిసి వాడుకుంటూ అద్దెకుంటే ఆ ఇంటిని హెచ్‌ఎంఓ అంటారు. హౌస్ ఇన్ మల్టిపుల్ ఆక్యుపేషన్ అన్నది పూర్తి పేరు, ఏజెంట్లు గానీ కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) వాళ్లు గానీ హెచ్‌ఎంఓ అనే అంటారు. అయితే హెచ్‌ఎంఓ అయిన ప్రతి ఇంటికీ లైసెన్స్ కావాలని లేదు, మొదటి గందరగోళం ఇక్కడే. దేశమంతటా తప్పనిసరి అయింది ఐదుగురు, అంతకు మించి ఉండే ఇళ్లకే. 2006లో ఈ పద్ధతి మొదలైనప్పుడు ఇల్లు కనీసం మూడంతస్తులది అయితేనే లైసెన్స్ అడిగేవాళ్లు. 2018 అక్టోబర్ 1 నుంచి ఆ అంతస్తుల షరతు తీసేశారు, దాంతో మన పిల్లలు ఎక్కువగా దిగే మామూలు రెండంతస్తుల టెర్రస్ ఇళ్లు, అంటే గోడకి గోడ ఆనించి వరసగా కట్టినవి, ఐదుగురుంటే చాలు, ఒక్కసారిగా ఈ లెక్కలోకి వచ్చేశాయి. మూడు లేదా అంతకన్నా ఎక్కువ ఫ్లాట్లుండేలా కట్టిన అపార్ట్‌మెంట్ బ్లాకుల్లోని ఫ్లాట్లకి మాత్రం ఈ తప్పనిసరి లైసెన్స్ వర్తించదు.

అలాగని ముగ్గురో నలుగురో ఉంటే ఇబ్బంది లేదని, ఫ్లాట్ అయితే అసలే గొడవ లేదని అనుకోడానికి వీల్లేదు. తమ పరిధిలో చిన్న హెచ్‌ఎంఓలకీ లైసెన్స్ ఉండాల్సిందేనని కౌన్సిల్ నిర్ణయించుకోవచ్చు, దాన్ని అడిషనల్ లైసెన్సింగ్ అంటారు. ఇంకో అడుగు ముందుకేసి, ఫలానా వార్డుల్లో అద్దెకిచ్చే ప్రతి ప్రైవేటు ఇంటికీ, అందులో ఒకే కుటుంబం ఉన్నా సరే, లైసెన్స్ పెట్టొచ్చు. అది సెలెక్టివ్ లైసెన్సింగ్. లండన్‌లో ఒక్కో కౌన్సిల్ ప్రాంతాన్ని బరో అంటారు. ఈస్ట్ హామ్ ఉండే న్యూహామ్ బరో 2013 జనవరి 1న బరో మొత్తానికీ ఇలాంటి పథకం పెట్టింది, ఇంగ్లండ్‌లో అలా చేసిన మొదటి బరో అదే. మసాలా దోశ, మలబార్ పరోటా, ఆంధ్రా బిర్యానీ పక్కపక్కనే దొరికే ఆ వీధుల్లో అద్దెకు దిగుతున్నారంటే లైసెన్స్ గురించి అడిగి తీరాలన్నమాట. 2015లో లివర్‌పూల్ నగరం మొత్తానికీ పెట్టింది. చాలా ఏళ్ల పాటు, తమ ప్రాంతంలో ఐదో వంతు దాటి ఇలాంటి పథకం పెట్టాలంటే కౌన్సిల్ లండన్‌లోని ప్రభుత్వం అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చేది, 2024 డిసెంబర్ నుంచి ఆ అవసరం లేదు. కాబట్టి ఈ పథకాలు పెరిగేవే తప్ప తగ్గేవి కావు. చిక్కేమిటంటే ఒక రోడ్డుకి ఈ పక్క ఒక బరో, ఆ పక్క ఇంకో బరో ఉంటే, అదే రకం ఇంటికి ఈ పక్క లైసెన్స్ కావాలి, ఆ పక్క అక్కర్లేదు అనే పరిస్థితి రావచ్చు. పథకాలకి గడువు ఐదేళ్లు, అది ముగిసి కొత్తది మొదలయ్యే మధ్యలో ఖాళీలూ వస్తుంటాయి. పోయినేడాది ఫ్రెండ్ ఉన్న ఇంటి సంగతి ఈ ఏడాది ఇంటికి పనికిరాదు.

కుటుంబం అంటే ఎవరు అన్న దగ్గర మనవాళ్లకి అచ్చంగా సరిపోయే ముచ్చట ఒకటుంది. భార్యాభర్తలు, పెళ్లి కాకుండా కలిసి ఉంటున్న జంట, తల్లిదండ్రులు, పిల్లలు, తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు, మనవలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మామయ్యలు, బాబాయిలు, పిన్నులు, మేనల్లుళ్లు, ఇంకా కజిన్లు కూడా ఈ చట్టం దృష్టిలో ఒకే కుటుంబం. అంటే పెదనాన్న కొడుకు, మేనత్త కొడుకు, చిన్నాన్న కూతురు కలిసి ఒక ఇంట్లో దిగితే అది హెచ్‌ఎంఓ కాదు. ఇంగ్లీషు చట్టం మన పెళ్లిపత్రిక సైజులో బంధువుల్ని కలుపుకోవడం వింతే గానీ నిజం. అయితే ఆ మేనత్త కొడుకు ఒకే ఊరివాడైన క్లాస్‌మేట్‌ని తెచ్చి హాల్లో పడుకోబెట్టాడంటే లెక్క మారిపోతుంది, ఎందుకంటే ఊరి వరసకి అన్నయ్య అయినవాడు చట్టానికి బయటివాడే. ఇంకో లెక్క చూడండి. రెండు జంటలు, ఒక ఒంటరి అబ్బాయి కలిసి ఇల్లు తీసుకుంటే ఐదుగురు మనుషులు, మూడు కుటుంబాలు. ఇది దేశమంతటా లైసెన్స్ కావాల్సిన ఇల్లు. అందులోంచి అబ్బాయి వెళ్లిపోతే నలుగురు, రెండు కుటుంబాలు, ఇప్పటికీ హెచ్‌ఎంఓనే, కానీ లైసెన్స్ కావాలా వద్దా అన్నది ఆ కౌన్సిల్‌ని బట్టి. ఊరి నుంచి బిడ్డని తెచ్చుకుంటే మళ్లీ ఐదు, పసిపిల్లలూ లెక్కలోకి వస్తారు.

ఓనర్ తనే ఆ ఇంట్లో ఉంటూ ఒకరికో ఇద్దరికో గది ఇస్తే అది హెచ్‌ఎంఓ లెక్కలోకి రాదు. మూడో మనిషిని తెచ్చుకున్నప్పుడే వస్తుంది. ఇల్లు కొనుక్కుని మార్ట్‌గేజ్ వాయిదాల కోసం ఖాళీ గదులు అద్దెకిస్తున్న తెలుగు ఐటీ కుటుంబాలు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది.

సరే, లైసెన్స్ ఇస్తే అందులో ఏముంటుంది? ఇంట్లో ఎంతమంది ఉండొచ్చు, ఎన్ని కుటుంబాలు ఉండొచ్చు అన్నది ముఖ్యం. ఓనర్ లేదా మేనేజర్ ఆ పనికి తగిన మనిషేనా అని చూస్తారు, పాత నేరాలు, మోసాలు, అద్దె చట్టాల ఉల్లంఘనలు ఏమైనా ఉన్నాయా అని. ఏటా గ్యాస్ సర్టిఫికెట్, కరెంటు వైరింగ్ భద్రత, పనిచేసే స్మోక్ అలారాలు తప్పవు. వీటన్నిటికన్నా మన పిల్లలకి నేరుగా తగిలేది గది సైజు. లైసెన్స్ కింద ఉన్న హెచ్‌ఎంఓలో ఒక పెద్ద మనిషి పడుకునే గది కనీసం 6.51 చదరపు మీటర్లుండాలి, అంటే సుమారు 70 చదరపు అడుగులు, ఏడడుగుల వెడల్పు పదడుగుల పొడవు. ఇద్దరు పడుకునే గది అయితే 10.22 చదరపు మీటర్లు, ఇంచుమించు 110 అడుగులు. పదేళ్ల లోపు పిల్లాడికైతే 4.64. ఏటవాలు పైకప్పు కింద ఎత్తు ఒకటిన్నర మీటరు కన్నా తక్కువున్న జాగాని లెక్కలోకి తీసుకోరు, కాబట్టి అటక గది నేల మీద కొలిచి ఇంత ఉంది కదా అంటే కుదరదు. ఇవి దేశానికంతటికీ కనీస కొలతలు, కౌన్సిల్ కావాలంటే ఇంకా పెద్ద గది అడగొచ్చు. టేపు పట్టుకుని కొలిస్తే మన గ్రూపుల్లో వచ్చే డబుల్ రూమ్ షేరింగుల్లో ఎన్ని నిలబడతాయో చెప్పడం కష్టం. మంచాలు రెండు పట్టడం వేరు, చట్టం ప్రకారం ఇద్దరు పట్టడం వేరు.

ఈ పట్టింపంతా ఎందుకంటే, చావుల వల్ల. 1999లో గ్లాస్గోలో ఒక బేస్‌మెంట్ ఫ్లాట్‌కి నిప్పంటుకుంటే, కిటికీలకి ఊచలుండి బయటపడలేక ఇద్దరు విద్యార్థులు చనిపోయారు. ఆ మరుసటేడే స్కాట్లండ్ అంతటా హెచ్‌ఎంఓ లైసెన్స్ తప్పనిసరి అయింది. 2023 మార్చిలో లండన్ టవర్ హామ్లెట్స్ బరోలోని షాడ్‌వెల్‌లో ఒక చిన్న ఫ్లాట్‌లో ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీ అంటుకుంది. బంగ్లాదేశ్ నుంచి వచ్చి కొద్ది కాలమే అయిన ఒకతను చనిపోయాడు. ఆ ఫ్లాట్‌లో బంకు మంచాలేసుకుని పదిహేను మందికి పైగా ఉంటున్నారని తర్వాత తేలింది. దానికి లైసెన్స్ లేదనుకునేరు, ఉంది, ముగ్గురికి. ఫుడ్ డెలివరీ సైకిల్ బ్యాటరీని రాత్రంతా హాల్లో చార్జింగ్ పెట్టి, ఆ హాల్లోనే పరుపేసుకుని పడుకునే ఇళ్లు ఈ వార్తని పక్కవాళ్ల గొడవ అని తీసేయడానికి లేదు.

లైసెన్స్ లేకుండా ఇల్లు నడిపితే ఏమవుతుంది? అది నేరం. కోర్టుకెళితే జరిమానాకి పైపరిమితి లేదు, కోర్టుదాకా వెళ్లకుండా కౌన్సిలే సివిల్ పెనాల్టీ వేయొచ్చు, దాని పరిమితి 30 వేల పౌండ్లు ఉండేది. 2025 అక్టోబర్‌లో చట్టమైన రెంటర్స్ రైట్స్ యాక్ట్ దాన్ని 2026 మే 1 నుంచి 40 వేలకి పెంచింది. ఇది ప్రభుత్వానికో కౌన్సిల్‌కో పోయే డబ్బు. అద్దెకున్నవాళ్ల చేతికి వచ్చేది ఇంకొకటుంది, రెంట్ రీపేమెంట్ ఆర్డర్. లైసెన్స్ ఉండాల్సిన ఇంటికి లేదని తేలితే, అందులో ఉన్నవాళ్లు ట్రిబ్యునల్‌కి దరఖాస్తు పెట్టుకుని కట్టిన అద్దెలో పన్నెండు నెలల దాకా వెనక్కి అడగొచ్చు, కొత్త చట్టం దీన్ని 24 నెలలకి పెంచింది, దరఖాస్తు గడువునీ ఏడాది నుంచి రెండేళ్లకి పెంచింది. నెలకి 500 పౌండ్ల చొప్పున ఐదుగురు ఏడాదిపాటు కట్టిన ఇల్లనుకుంటే అది 30 వేల పౌండ్లు. అంతా వస్తుందని గ్యారంటీ ఏం లేదు, తప్పు ఎంత తీవ్రమైంది, ఓనర్ ఎలా ప్రవర్తించాడు, అద్దెకున్నవాళ్లు ఎలా ప్రవర్తించారు అన్నవన్నీ చూసి ట్రిబ్యునల్ ఒక శాతం ఖరారు చేస్తుంది. నేరం జరిగిందన్నది మాత్రం క్రిమినల్ కేసు స్థాయిలోనే రుజువవ్వాలి. ఓనర్ లైసెన్స్‌కి సరైన దరఖాస్తు పెట్టిన రోజు నుంచి నేరం ఆగిపోయినట్టు లెక్క, కాబట్టి ఆ ముందు నెలల అద్దెకే అడగడం కుదురుతుంది.

ఇక్కడ ఒక అపోహ బాగా తిరుగుతోంది, లైసెన్స్ లేని ఇంటికి అద్దె కట్టక్కర్లేదని. తప్పు. అగ్రిమెంట్ చెల్లుతుంది, అద్దె బాకీ బాకీనే. కట్టి, తర్వాత వెనక్కి అడగాలి తప్ప ఎగ్గొట్టడానికి ఇది దారి కాదు. ఎగ్గొట్టినవాడి ప్రవర్తన ట్రిబ్యునల్ ముందు అతనికే అడ్డొస్తుంది.

ఇప్పటిదాకా చెప్పిందంతా ఓనర్ ఒక పక్క, మన పిల్లలు ఒక పక్క అన్నట్టుంది. అసలు సంగతి అంత సాఫీగా లేదు. చాలా తెలుగు ఇళ్లలో ఓనర్‌కీ కొత్తగా దిగిన పిల్లాడికీ మధ్యలో ఒక సీనియర్ ఉంటాడు. తన పేరు మీద ఇల్లు తీసుకుంటాడు, ఏజెంట్‌కి జీతం స్లిప్పులు చూపిస్తాడు, గదులు విడివిడిగా జూనియర్లకిస్తాడు. కొందరు నిజంగా సాయంగానే చేస్తారు, కొత్తవాళ్లకి గ్యారంటార్ దొరకడు కాబట్టి. కొందరు తమ అద్దె తేలిగ్గా వెళ్లిపోతుందని చేస్తారు, ఇంకొందరు రెండో ఇల్లు, మూడో ఇల్లు కూడా తీసుకుని దాన్నే సైడ్ బిజినెస్ చేసుకుంటారు. బయట దీన్ని రెంట్ టు రెంట్ అంటారు, కంపెనీలు పెట్టి చేసేవాళ్లున్నారు. చట్టం అడిగే ప్రశ్న ఈ ఇల్లు ఎవరి ఆస్తి అన్నది ఒక్కటే కాదు, అద్దె ఎవరి చేతిలో పడుతోంది అన్నది కూడా. ఇల్లు లీజుకి తీసుకుని, అందులో ఉన్నవాళ్ల దగ్గర అద్దె వసూలు చేసుకునేవాడు ఆ ఇంటిని మేనేజ్ చేస్తున్నవాడి కిందకి రావచ్చు. అంటే లైసెన్స్ లేదన్న నేరంలో అతనూ ఇరుక్కోవచ్చు. జూనియర్లకి అతనే ఇంటి ఓనర్. చేతిలో ఉన్నది స్టూడెంట్ వీసానో వర్క్ వీసానో అయితే క్రిమినల్ కేసు అనే మాటకే నిద్ర పట్టదు, అయినా ఈ సంగతి తెలిసి ఇల్లు తీసుకున్న సీనియర్లు ఎంతమంది?

2023 మార్చిలో యూకే సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి దీన్ని ఇంకా బిగించింది. ఫ్లాట్ అసలు ఓనర్ ఒకరు, దాన్ని లీజుకి తీసుకుని గదులుగా అద్దెకిచ్చింది ఒక కంపెనీ, లైసెన్స్ లేదు. అందులో ఉన్నవాళ్లు అసలు ఓనర్ నుంచి అద్దె వెనక్కి ఇప్పించమన్నారు. కుదరదు, మీకు నేరుగా అద్దెకిచ్చినవాళ్ల మీదే ఆర్డర్ అడగాలి అంది కోర్టు. ఆ కంపెనీలో డబ్బుల్లేకపోతే చేతికొచ్చేది కాగితమే. మన సీనియర్ల లెక్కకి దీన్ని దించితే, పెద్ద ఇంటాయన ఒడ్డున నిలబడి చూస్తుంటే ఇరుక్కునేది మధ్యలో ఉన్న పాతికేళ్ల కుర్రాడు. రెంటర్స్ రైట్స్ యాక్ట్ ఈ లొసుగుని పూడ్చింది, 2026 మే 1 నుంచి పైన ఉన్న అసలు ఓనర్ మీద కూడా ఆర్డర్ అడగొచ్చు. అయినా మధ్యవాడికి మినహాయింపేమీ రాలేదు, పక్కన ఇంకొకరు వచ్చి నిలబడ్డారంతే.

దీన్నుంచి తప్పుకోడానికి సీనియర్‌కి ఉన్న తేలిక దారి ఒక్కటే, ఉండేవాళ్లందరి పేర్లూ ఓనర్‌తో చేసుకునే అగ్రిమెంట్‌లో పెట్టించడం. అప్పుడు అతను అందరిలాగే అద్దెకున్నవాడు, అద్దె కూడగట్టి పంపేవాడు మాత్రమే. మన దగ్గర జరిగేది దీనికి తిరగేసి ఉంటుంది. అగ్రిమెంట్‌లో ఇద్దరి పేర్లు, ఇంట్లో ఆరుగురు. ఏజెంట్ ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నాడంటే పరుపులు మడిచి ఇద్దరు లైబ్రరీకి, ఒకరు కాఫీ షాపుకి. నవ్వులాటగా చెప్పుకుంటారు గానీ, ఇక్కడ దాక్కున్నవాడు తనకి రావాల్సిన హక్కుని తనే దాచేసుకుంటున్నాడు. ఆ ఇంట్లో ఉన్నట్టు అతని పేరున ఒక్క కాగితం ముక్క ఉండదు, అద్దె సగం క్యాష్, సగం ఎవరి ఫ్రెండ్ అకౌంట్‌కో. రేపు ట్రిబ్యునల్ అడిగేది బ్యాంకు స్టేట్‌మెంట్లే. పైగా ఓనర్‌కి తెలియకుండా మనుషుల్ని పెంచితే, ఇంతమంది ఉన్నారని నాకు తెలియదు అనే వాదన ఓనర్ చేతికి మనమే ఇచ్చినట్టు.

ఇంత హంగామాతో ఇళ్లు బాగుపడ్డాయా అంటే, ఓనర్ల సంఘాలు లేదంటాయి. లైసెన్స్ ఫీజు కొన్ని వందల పౌండ్ల నుంచి కొన్నిచోట్ల వెయ్యి దాటుతుంది, అది చివరికి అద్దెలోనే కలుస్తుంది, పద్ధతిగా ఉండే ఓనరే దరఖాస్తు పెట్టి ఫీజు కడతాడు, దొంగ ఓనర్ ఎటూ కనపడడు అన్నది వాళ్ల వాదన. ఇందులో సగం నిజముంది. షాడ్‌వెల్ ఫ్లాట్‌కి కాగితం ఉన్నా మనిషి ప్రాణం నిలవలేదు, ఎందుకంటే తలుపు కొట్టి లెక్క చూసేవాడు లేకపోతే లైసెన్స్ గోడమీద క్యాలెండర్ లాంటిదే. కానీ మిగతా సగం ఒప్పుకోడానికి లేదు. ప్రభుత్వమే చేయించిన ఒక స్వతంత్ర సమీక్ష 2019లో, సరిగ్గా ప్లాన్ చేసి తగినంత సిబ్బందిని పెట్టిన చోట సెలెక్టివ్ లైసెన్సింగ్ పనిచేస్తుందని చెప్పింది. లైసెన్స్ లేకపోతే ఒక ఇంట్లో ఎవరున్నారో, ఎవరిని అడగాలో కౌన్సిల్‌కి తెలిసే దారే ఉండదు, ఇన్‌స్పెక్టర్ ఏ తలుపు కొట్టాలో ఆ రిజిస్టరే చెబుతుంది.

మిగతా యూకే తీరు వేరు. స్కాట్లండ్‌లో మూడు వేర్వేరు కుటుంబాల నుంచి ముగ్గురున్నా లైసెన్స్ తప్పదు, మామూలు ఇల్లు అద్దెకిచ్చే ఓనర్ కూడా రిజిస్టర్ చేయించుకోవాలి. వేల్స్‌లో రెంట్ స్మార్ట్ వేల్స్ అని ఒకే ఆఫీసు, అక్కడ హెచ్‌ఎంఓ లైసెన్స్ సంగతి అలా ఉంచి, ఓనర్ రిజిస్టర్ అవ్వాలి, ఇంటి వ్యవహారం స్వయంగా చూసుకునేవాడికి లైసెన్స్ కూడా కావాలి. నార్తర్న్ ఐర్లండ్‌లో 2019 నుంచి లైసెన్స్ పద్ధతి నడుస్తోంది, అన్ని కౌన్సిళ్ల తరఫునా బెల్‌ఫాస్ట్ కౌన్సిల్ ఆ పని చూస్తుంది.

చూసుకోవడం మాత్రం అనుకున్నంత కష్టం కాదు. ప్రతి కౌన్సిల్ తానిచ్చిన లైసెన్సుల రిజిస్టర్‌ని అందరికీ అందుబాటులో ఉంచాలని చట్టమే చెబుతోంది, చాలా కౌన్సిళ్లు దాన్ని వెబ్‌సైట్‌లోనే పెట్టాయి. పోస్ట్‌కోడ్ కొడితే ఇల్లు కనిపిస్తుంది, ఎంతమందికి అనుమతో కొన్నిచోట్ల అక్కడే ఉంటుంది, లేకపోతే ఈమెయిల్ పెడితే చెబుతారు. రిజిస్టర్‌లో లేనంత మాత్రాన దొంగ ఇల్లని తేల్చేయకూడదు, దరఖాస్తు పెట్టి నెలల తరబడి క్యూలో ఉన్నవీ ఉంటాయి, ఆ దరఖాస్తు నంబర్ ఓనర్‌ని అడగొచ్చు. 2026 మే 1 నుంచి చేసుకునే కొత్త అగ్రిమెంట్లకి ఒక నెలకి మించి అద్దె ముందుగా తీసుకోకూడదన్న రూల్ కూడా వచ్చింది, గ్యారంటార్ లేడని ఆరు నెలల అద్దె ఒకేసారి గుంజుకునే అలవాటుకి అది బ్రేకు. వీసా మీద ఉన్నాం, కంప్లయింట్ చేస్తే ఏమవుతుందో అని వెనకాడేవాళ్లు ఎక్కువ. చట్టబద్ధంగా అద్దెకున్న స్టూడెంట్ రెంట్ రీపేమెంట్ ఆర్డర్ అడగడానికి అతను ఏ దేశస్థుడన్నది అడ్డు కాదు. యూనివర్సిటీ స్టూడెంట్ యూనియన్‌లో ఉచితంగా సలహా ఇచ్చే డెస్క్ దాదాపు ప్రతిచోటా ఉంటుంది, అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకముందే అక్కడ చూపించుకోవచ్చు. సెప్టెంబర్ మొదటి వారంలో మాత్రం అక్కడ లైన్ బాగా పొడుగ్గా ఉంటుంది.